పసుపు జెర్సీ ఎవరిది? అంచనా వెనక ఉన్న శాస్త్రం

2022 జూలై 13. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీలో పదకొండో అంచె. ఆల్ప్స్ పర్వతాల్లో కోల్ ద్యు గ్రానోన్ అనే నిటారు ఘాట్ రోడ్డు కొసన, 2,413 మీటర్ల ఎత్తులో ముగింపు గీత. మొత్తం సమయంలో ముందున్నవారు తొడిగే పసుపు జెర్సీ ఆ ఉదయం స్లొవేనియా రైడర్ టడేయ్ పొగాచర్ ఒంటి మీద ఉంది. అంతకు ముందు రెండేళ్ళూ విజేత అతనే. మూడోసారి కూడా అతనిదేనని చాలామంది విశ్లేషకులు నమ్మారు. సాయంత్రం ఆ కొండ చివరి ఐదు కిలోమీటర్లలో పొగాచర్ కాళ్ళు మొరాయించాయి. డెన్మార్క్ రైడర్ యోనస్ వింగెగార్డ్ కంటే 2 నిమిషాల 51 సెకన్లు వెనక గీత దాటాడు. పదకొండు రోజుల తర్వాత ప్యారిస్‌లో జెర్సీ వింగెగార్డ్‌ది.

పొగాచర్ బలం గురించి అనుకున్నదంతా నిజమే. కానీ ఇలాంటి పోటీలో గెలుపు బలం ఒక్కదాంతో తేలదు. పోటీదారులను తూచడానికి నేడు భౌతికశాస్త్రం, శరీర ధర్మశాస్త్రం, గణాంకశాస్త్రం మూడూ పనికొస్తున్నాయి. ఒక్కొక్కటీ ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో తెలిస్తేనే అంచనాకు విలువ.

టూర్ డి ఫ్రాన్స్ 1903లో మొదలైంది. ఇప్పుడు 23 రోజుల్లో 21 అంచెలు, మధ్యలో రెండు రోజులు విశ్రాంతి, మొత్తం సుమారు 3,400 కిలోమీటర్లు. అన్ని అంచెల్లో పట్టిన సమయాన్ని కూడితే ఎవరిది తక్కువో వారే విజేత. 80 గంటలు దాటిన ప్రయాణం తర్వాత తేడా నిమిషాల్లో ఉంటుంది, ఒక్కోసారి సెకన్లలో. 2020లో పొగాచర్ గెలిచింది 59 సెకన్లతో. మొత్తం సమయంలో అది పదివేలలో రెండు వంతులు. 1989లో అమెరికన్ గ్రెగ్ లెమాండ్, ఫ్రాన్స్‌కు చెందిన లోరాన్ ఫిన్యోన్‌ను 8 సెకన్లతో ఓడించాడు.

కిలోకు ఎన్ని వాట్లు?

కొండ ఎక్కే రైడర్ మూడు శక్తులతో పోరాడాలి: గురుత్వాకర్షణ, టైర్ల దొర్లుడు ఘర్షణ, గాలి నిరోధం. ఒక లెక్క వేద్దాం. రైడర్ బరువు 66 కిలోలు. సైకిల్ 6.8 కిలోలు, అంతకంటే తేలికైనదాన్ని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఒప్పుకోదు. బూట్లు, హెల్మెట్, నీళ్ళ సీసా కలిపితే మొత్తం 75 కిలోల దాకా వస్తుంది. వంద మీటర్లు ముందుకు పోతే ఎనిమిది మీటర్లు ఎత్తు పెరిగే దారి మీద, గంటకు 20 కిలోమీటర్ల వేగం. గురుత్వాకర్షణకు ఎదురు పోవడానికి 327 వాట్లు, టైర్లకు 15, గాలికి ఓ 30, గొలుసు, గేర్లలో వృథా అయ్యేది 10. మొత్తం సుమారు 380 వాట్లు. రైడర్ బరువుతో భాగిస్తే కిలోకు 5.8 వాట్లు.

బాగా సాధన చేసే ఔత్సాహికులు కిలోకు మూడు, మూడున్నర వాట్లు కొంతసేపు నిలపగలుగుతారు. టూర్ గెలవాలనుకునేవాడికి అరగంట, నలభై నిమిషాల ఘాట్ రోడ్డు మీద ఆరు దాటాలి. కొండ మీద తేలికైన మనిషికి లాభం ఉండేది ఇందుకే. చదును దారిలో కథ తిరగబడుతుంది. అక్కడ పెట్టే శ్రమలో పదింట ఎనిమిది తొమ్మిది పాళ్ళు గాలికే పోతాయి. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి కావలసిన సామర్థ్యం ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి ఒంటరిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌లో కిలోకు ఎన్ని వాట్లన్నది కాక, ఒళ్ళు ఎంత ముడుచుకుని గాలికి ఎంత తక్కువగా అడ్డం ఉండగలడన్నది ముఖ్యం. లెమాండ్ 1989లో చివరి రోజు టైమ్ ట్రయల్‌కు, అలా ముడుచుకోవడానికి వీలిచ్చే ట్రయాథ్లాన్ హ్యాండిల్ వాడాడు. ఫిన్యోన్ వాడలేదు.

తేడా చిన్నది, పొరపాటు పెద్దది

టీవీలో చూస్తూ ఈ లెక్కలు వేసేవారు ప్రపంచమంతటా ఉన్నారు. దారి పొడవు, ఎత్తు, పట్టిన సమయం తెలిస్తే చాలు. 2024 జూలై 14న పిరనీస్‌లోని ప్లాటో ద బేయ్ కొండ ఇందుకు మంచి ఉదాహరణ. 15.8 కిలోమీటర్లు, సగటు వాలు ఎనిమిది శాతానికి కాస్త తక్కువ. పొగాచర్ దాదాపు 40 నిమిషాల్లో ఎక్కేశాడు. 1998లో మార్కో పంతాని అనే రైడర్ నెలకొల్పిన రికార్డు సమయం కంటే ఇది మూడు నిమిషాలకు పైగా తక్కువ. లెక్క వేస్తే కిలోకు ఆరున్నర వాట్లు దాటుతుంది. వింగెగార్డ్ 68 సెకన్లు వెనక వచ్చాడు. అంటే ఇద్దరి మధ్య తేడా మూడు శాతం లోపే.

ఇప్పుడు సెకనుకు రెండు మీటర్ల వేగంతో ఓ పిల్లగాలి వీచిందనుకోండి. అది వెనక నుంచి వస్తే పై లెక్కలో సుమారు 18 వాట్లు తగ్గుతాయి, ఎదురొస్తే సుమారు 25 వాట్లు పెరుగుతాయి. అంటే ఐదు నుంచి ఏడు శాతం అటూ ఇటూ. ప్రతి మలుపులోనూ గాలి దిశ మారుతుంది. రైడర్ బరువు ఆ రోజు ఎంతో బయటివారికి తెలియదు. ఇంకొకరి వెనక ఎంతసేపు దాక్కున్నాడో కచ్చితంగా కొలవలేం. సైకిల్‌కు బిగించే పవర్ మీటర్లు కూడా ఒకటి రెండు శాతం తేడా చూపిస్తాయి, పైగా ఆ అంకెలను జట్లు చాలావరకు దాచుకుంటాయి. మనం కొలవాలనుకున్న తేడా కంటే కొలతలో దొర్లే పొరపాటే పెద్దదన్నమాట.

అందువల్ల ఈ లెక్క ఒక పని బాగా చేస్తుంది, మరొకటి చేయలేదు. 180 మంది రైడర్లలో గెలిచే స్తోమత ఉన్న నలుగురైదుగురిని వడపోసి ఇస్తుంది. ఆ నలుగురిలో ఎవరన్నది దానికి అందదు. అక్కడి నుంచి వేరే ప్రశ్నలు అడగాలి.

అలసిన తర్వాత ఎంత మిగులుతుంది?

మొదటి ప్రశ్న ఇది. ఉదయం తాజాగా ఉన్నప్పుడు ఇరవై నిమిషాలు కిలోకు ఆరున్నర వాట్లు తొక్కగల రైడర్లు ఈ రోజుల్లో చాలామందే ఉన్నారు. నాలుగు గంటలు, మూడు కొండలు అయ్యాక అందులో ఎంత మిగిలిందన్నదే గెలుపును తేలుస్తుంది. ఇటీవలి పరిశోధనలు దీని మీదే దృష్టి పెట్టాయి. రెండు మూడు వేల కిలోజౌల్‌ల పని అయిపోయిన తర్వాత మళ్ళీ కొలిస్తే, మేటి రైడర్ల అంకె కొద్దిగానే తగ్గుతుంది, మిగతావారిది బాగా పడిపోతుంది. తాజాగా ఉన్నప్పుడు కొలిస్తే ఆ తేడా అంతగా కనిపించదు.

కారణం చాలావరకు ఇంధనంలో ఉంది. పెడల్ మీద ఒక కిలోజౌల్ పని జరగాలంటే ఒంట్లో సుమారు ఒక కిలోకేలరీ ఖర్చవుతుంది. పెద్ద కొండల రోజున నాలుగైదు వేల కిలోకేలరీలు దారి మీదే పోతాయి. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉండేది మాత్రం సుమారు రెండు వేలకు సరిపడా. కొంత భాగాన్ని కొవ్వు భర్తీ చేస్తుంది, కానీ గట్టిగా తొక్కుతున్నప్పుడు కొవ్వు అంత వేగంగా మండదు. కాబట్టి తొక్కుతూనే తినాలి. గ్లూకోజ్ ఒక్కటే అయితే చిన్నపేగు గంటకు 60 గ్రాములకు మించి లోపలికి పంపలేదు. ఫ్రక్టోజ్‌కు పేగు గోడలో వేరే ద్వారం ఉంది. రెండూ కలిపి ఇస్తే గంటకు 90 గ్రాములు, పేగును అలవాటు చేస్తే 120 గ్రాముల దాకా ఎక్కుతోంది. కొండల మీద పాత రికార్డులు చెదిరిపోవడంలో టైర్లు, దుస్తులతో పాటు ఈ తిండి లెక్కకూ పెద్ద పాత్ర ఉంది. పోటీదారుణ్ణి తూచేటప్పుడు అతని పేగులనూ తూచాల్సిన కాలమిది.

అలా మూడు వారాలు. 1980లలో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు టూర్ రైడర్లకు బరువైన హైడ్రోజన్, బరువైన ఆక్సిజన్ కలిసిన నీళ్ళు తాగించారు. ఆ పరమాణువులు శరీరం నుంచి వెళ్ళిపోయే వేగాన్ని బట్టి శక్తి వ్యయాన్ని కొలిచారు. ఊరికే పడుకున్నప్పుడు అయ్యే ఖర్చుకు అది నాలుగైదు రెట్లని తేలింది. రోజులు గడిచేకొద్దీ నిద్ర, జీర్ణం, రోగనిరోధక శక్తి అన్నీ లెక్కలోకి వస్తాయి. 2023లో పదహారో అంచె ముందు వింగెగార్డ్, పొగాచర్‌ల మధ్య తేడా 10 సెకన్లే. వింగెగార్డ్ ఆ రోజు 22.4 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో నిమిషం 38 సెకన్లు సంపాదించాడు. మర్నాడు 2,300 మీటర్ల ఎత్తున్న కోల్ ద లా లోజ్ కొండ మీద పొగాచర్ కూలబడి, వింగెగార్డ్ కంటే దాదాపు ఆరు నిమిషాలు వెనకపడ్డాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో పొగాచర్ మణికట్టు విరిగింది, సాధనకు అంతరాయం కలిగింది. మొదటి రెండు వారాలు దాని జాడ పెద్దగా కనబడలేదు. మూడో వారంలో కనబడింది.

దారి ఎవరి వైపు?

రెండో ప్రశ్న ఆ ఏటి దారి గురించి. 2012లో ఒంటరి టైమ్ ట్రయల్స్ మొత్తం వంద కిలోమీటర్లకు పైనే. ఒకప్పుడు ట్రాక్ మీద ఒలింపిక్ స్వర్ణాలు సాధించిన బ్రాడ్లీ విగ్గిన్స్‌కు అది చక్కగా కుదిరింది. 2015లో అలాంటివి 14 కిలోమీటర్ల లోపే. అదే రైడర్, అదే బలం, దారి మారితే ఫలితం మారుతుంది.

ఎత్తూ చూడాలి. 2,400 మీటర్ల దగ్గర గాలిలో ఆక్సిజన్ పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే నాలుగింట మూడొంతులే. అక్కడ అందరూ నెమ్మదిస్తారు, కానీ ఒకే మేర కాదు. వేసవికి ముందు జట్లు స్పెయిన్‌లోని సియెర్రా నెవాడా, తేదే వంటి ఎత్తైన చోట్ల వారాల తరబడి మకాం వేసేది రక్తంలో హిమోగ్లోబిన్ పెంచుకోవడానికే.

కొండలే అన్నీ తేలుస్తాయనుకోవడమూ పొరపాటే. 2015 రెండో అంచెలో, నెదర్లాండ్స్ సముద్ర తీరపు చదును దారిలో, పక్కగాలులు రైడర్ల గుంపును ముక్కలు చేశాయి. కొండలెక్కడంలో దిట్ట అయిన కొలంబియా రైడర్ నైరో కింటానా ఆ రోజు, ఆ ఏటి విజేత క్రిస్ ఫ్రూమ్ కంటే నిమిషం 28 సెకన్లు వెనకబడ్డాడు. మూడు వారాల తర్వాత ఫ్రూమ్ చేతిలో అతను ఓడింది నిమిషం 12 సెకన్లతో.

ఎనిమిది మంది జట్టు

గాలిని చీల్చే పని ఇంకొకరు చేస్తే ఎంత మిగులుతుందో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన బెర్ట్ బ్లాకెన్ బృందం 2018లో చూపించింది. 121 మంది గుంపు నమూనాను కంప్యూటర్‌లోనూ గాలి సొరంగంలోనూ పరీక్షించారు. గుంపు మధ్యలో, వెనక భాగంలో ఉన్న రైడర్ మీద గాలి నిరోధం, ఒంటరి రైడర్ మీద ఉండేదాంట్లో 5 నుంచి 10 శాతమే. నాయకుణ్ణి రోజంతా ఆ నీడలో దాచి, చివరి కొండ దాకా తాజాగా తీసుకుపోవడం జట్టు పని.

జట్టు బలాన్ని దాడికీ వాడొచ్చు. గ్రానోన్ రోజున జరిగింది అదే. అంతకు ముందు వచ్చే గాలిబియే కొండ మీద వింగెగార్డ్, అతని సహచరుడు ప్రిమోజ్ రోగ్లిచ్ ఒకరి తర్వాత ఒకరు దాడి చేశారు. ప్రతి దాడికీ పొగాచర్ ఒక్కడే బదులివ్వాల్సి వచ్చింది. కోవిడ్ వల్ల అతని జట్టు అప్పటికే పలచబడింది. విడిగా చూస్తే ఒక్కో దాడి ఖర్చు చిన్నదే, చివరి కొండ మీద ఆ ఖర్చులన్నీ ఒక్కసారిగా వసూలయ్యాయి.

ముందస్తు పోటీలను ఎలా చదవాలి?

జూన్‌లో జరిగే క్రితేరియమ్ ద్యు దోఫినే (2025 దాకా ఉన్న పేరు), టూర్ డి సుయిస్ పోటీల్లో గెలిచినవారే టూర్‌లోనూ గెలుస్తారని తేలికగా అనుకుంటాం. అయితే కొందరు అక్కడికి ఎత్తైన మకాముల అలసటతో వస్తారు, కొందరు అప్పుడే శిఖరానికి చేరి జూలైకి దిగజారతారు. పోటీ పేరు కంటే దారి పోలిక ముఖ్యం. 2020 జూన్‌లో స్లొవేనియా జాతీయ టైమ్ ట్రయల్ కొండ మీద ముగిసింది. అందులో పొగాచర్ కొద్ది సెకన్ల తేడాతో రోగ్లిచ్‌ను ఓడించాడు. పట్టించుకున్నవారు తక్కువ. ఆ సెప్టెంబర్‌లో టూర్ చివరి నుంచి రెండో రోజు, అలాగే కొండ మీద ముగిసే టైమ్ ట్రయల్ వచ్చింది. 57 సెకన్ల ఆధిక్యంతో బయలుదేరిన రోగ్లిచ్, నిమిషం 56 సెకన్లు పోగొట్టుకున్నాడు.

ఇక పడిపోవడాలు. రోగ్లిచ్ స్పెయిన్‌లో జరిగే వుయెల్తా పోటీని నాలుగుసార్లు, ఇటలీలో జరిగే జిరో పోటీని ఒకసారి గెలిచినవాడు. 2021, 2022, 2024 టూర్‌ల నుంచి మాత్రం పడిన దెబ్బలతో మధ్యలోనే తప్పుకున్నాడు. 2024లో 176 మంది బయలుదేరితే 141 మంది ముగించారు. ఎంత బలవంతుడి విషయంలోనైనా ఈ ప్రమాదాన్ని లెక్కలోంచి తీసేయకూడదు.

శాతాల్లో చెప్పాలి

ఇన్ని తెలియనివి ఉన్నప్పుడు “ఫలానావాడే గెలుస్తాడు” అన్న మాట శాస్త్రం కాదు. “ఇతనికి 55 శాతం, అతనికి 30, మిగతా అందరికీ కలిపి 15” అన్నది శాస్త్రం. వాతావరణ శాఖ వాన గురించి చెప్పినట్టే ఇదీ. 55 శాతం అన్నవాడు ఓడిపోతే అంచనా తప్పినట్టు కాదు. పలు పోటీల్లో 55 శాతం ఇచ్చిన వారందరినీ తీసుకుంటే వందకు సుమారు 55 మంది గెలిచారా అన్నదే ఆ అంచనాకు పరీక్ష. 90 శాతం అన్నవాళ్ళు సగంసార్లే గెలుస్తుంటే, చెప్పిన మనిషికి తన లెక్క మీద ఉండాల్సిన దానికంటే ఎక్కువ నమ్మకం ఉందన్నమాట.

ఈసారి టూర్ మొదలయ్యే ముందు మీరూ ఈ పని చేసి చూడండి. వాట్ల లెక్కతో నలుగురిని ఎంచుకోండి. మూడో వారంలో వాళ్ళ పాత రికార్డు, దారి, ఎత్తు, జట్టు, ఆ వసంతంలో తగిలిన గాయాలు ఒక్కొక్కటీ చూసి, పేరు పక్కన శాతం వేయండి. మొదటి అంచెకు ముందే తేదీతో సహా కాగితం మీద పెట్టండి, తర్వాత దిద్దకండి. ఏ అంచె మీ శాతాలను మారుస్తోందో, ఎందుకు మారుస్తోందో రోజూ రాసుకుంటే, మూడు వారాల తర్వాత విజేత పేరుతో పాటు మీరు దేన్ని ఎక్కువగా తూచారో, దేన్ని అసలు చూడలేదో కూడా తెలుస్తుంది. మరుసటి ఏటి అంచనా మెరుగయ్యేది ఆ కాగితం వల్లనే.