మాత్ర గడపకొచ్చింది.. పరీక్షే వెనకబడింది
- లాక్‌డౌన్‌తో మారిన హోసూరు ప్రాంత వాసుల అలవాట్లు
- బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఇంటి మిషన్‌నే నమ్ముకుంటే ముప్పే

హోసూరు: బీపీ, షుగర్ మాత్రలు అయిపోతే బస్సెక్కి ఆసుపత్రికి పోయి తెచ్చుకోవడం ఒకప్పటి మాట. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయ్యాక ఆ బస్సే ఆగిపోయింది. హోసూరు, బాగలూరు, బేరికె, సూళగిరి ప్రాంతాల తెలుగువారికి ఇంకో చిక్కూ వచ్చిపడింది. బెంగళూరు ఇక్కడికి 40 కిలోమీటర్లే. పెద్ద జబ్బొస్తే అక్కడి డాక్టర్ల దగ్గరికే పోయే కుటుంబాలు చాలా ఉన్నాయి. పొరుగూరికి పోయినంత తేలిగ్గా దాటే అత్తిబెలె సరిహద్దులో ఈ-పాస్ చూపాల్సి వచ్చింది.

ఫోన్లోనే వైద్యం
అదే మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఏప్రిల్‌లో ఈ-సంజీవని ఓపీడీ మొదలైంది. డాక్టరుతో ఫోన్లో మాట్లాడటం, చీటీ వాట్సాప్‌లో తెప్పించుకోవడం అలవాటైంది. బీపీ మిషన్, గ్లూకోమీటరు, వేలికి పెట్టే ఆక్సీమీటరు ఇళ్లలోకి వచ్చి చేరాయి. పార్కులు మూస్తే మిద్దె మీదే నడిచారు. హోటళ్లలో కూర్చుని తినే వీల్లేక ఇంటి రాగి సంగటికి మళ్లారు. తమిళనాడు ప్రభుత్వం పంచిన కబసుర కుడినీరు కషాయం తెలుగిళ్లలోనూ కాగింది. అయితే ఏ కషాయమూ బీపీ, షుగర్ మాత్రలకు బదులు కాదు.

సామనపల్లి నుంచే శ్రీకారం
మందులు ఇంటికే అందించే 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని ముఖ్యమంత్రి హోదాలో ఎం.కె.స్టాలిన్ 2021 ఆగస్టు 5న ప్రారంభించింది మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. ప్రజల వద్దకే వైద్యం అని ఆ పేరుకు అర్థం. మహిళా ఆరోగ్య వలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి బీపీ, షుగర్ చూసి మాత్రలు అందించారు. మంచాన పడ్డవారికి ఫిజియోథెరపీ, ఉపశమన వైద్యం ఇంట్లోనే దొరికాయి. 2024లో ఈ పథకానికి ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా దక్కింది. కూలికి పోయేవాళ్లకు ఒకరోజు పని పోకుండా మాత్ర అందడం చిన్న మేలేం కాదు.

నంబరు చూసి మురిస్తే ఎలా?
చిక్కంతా ఇక్కడే ఉంది. మాత్ర ఇంటికొస్తోంది, మిషన్ ఇంట్లోనే ఉంది, ఇక ఆసుపత్రి ఎందుకులే అనుకుంటే మోసపోతాం. గ్లూకోమీటరు చెప్పేది ఆ నిమిషం సంగతే. గడిచిన మూడు నెలల్లో షుగర్ ఎలా ఉందో హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలోనే బయటపడుతుంది. కిడ్నీ, కంటి రెటీనా దెబ్బతినడం మొదట్లో నొప్పి లేకుండానే సాగిపోతుంది. చూపు మసకబారాకనో, కాళ్లు వాచాకనో పరుగెత్తితే అప్పటికే ఆలస్యమవుతుంది. బీపీ మందుల్లోనూ కొన్నింటికి అప్పుడప్పుడు రక్తపరీక్ష చేసి మోతాదు సరిచూడాలి. పాత చీటీతోనే ఏళ్ల తరబడి మందులు కొనేవాళ్లు ఈ సంగతి మరవకూడదు.

ఇవి మానొద్దు
- మూడు నుంచి ఆరు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ చేయించుకోవాలి.
- షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి కళ్లు, కిడ్నీలు, పాదాలు చూపించుకోవాలి.
- ఇంట్లో బీపీ చూసేముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. పదేపదే 140/90 దాటుతుంటే డాక్టరుకు చెప్పాలి.
- నంబరు బాగుందని మాత్ర సొంతంగా ఆపొద్దు. అది మాత్ర వల్లే బాగుండొచ్చు.
- మిద్దె మీదైనా, వీధిలోనైనా వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలి.

అత్తిబెలె దగ్గర ఇప్పుడు ఈ-పాస్ అడిగేవారు లేరు. బస్సులూ తిరుగుతున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లకు ఆఖరుసారి రక్తపరీక్ష ఎప్పుడు చేయించారో ఈ పూటే చీటీ తీసి చూడటం మంచిది.