అద్దాల బీరువాలోని ముఖములు

రాజమహేంద్రవరములో గాని, కాకినాడ, భీమవరము, అమలాపురము వంటి పట్టణములలో గాని పాత బజారు వీధిని నడచినవారికి ఫొటో స్టూడియో గుమ్మమునందలి అద్దాల బీరువా జ్ఞాపకముండక మానదు. నల్లగౌను తొడిగి పట్టా చేతబట్టిన కుర్రవాడు, మీసము దువ్విన మోతుబరి రైతు, బోర్లపడిన పసిబిడ్డ, కొత్త దంపతులు, ఒకరినొకరు ఎరుగని వీరందరును అందులో ఒకే కుటుంబమువలె కూర్చుండి వీధిని చూచుచుండెడివారు. బడినుండి మరలు పిల్లలకు అక్కడ ఆగి తెలిసిన ముఖములను లెక్కించుట ఒక వినోదము. దుకాణదారునకు మాత్రము అది వినోదము కాదు. అదియే అతని ప్రకటన. ఒక్కొక్కప్పుడు అతని తగవులకు మూలమును అదియే.

ఈ వ్యాపారము ప్రారంభింపదలచినవానిని మొదట ఏమి కావలెనని అడిగినచో మంచి కెమెరా కావలెననును. ఈ సమాధానము తప్పు కాదు గాని, చాలదు. కెమెరాను డబ్బిచ్చి కొనవచ్చును, అద్దెకును తెచ్చుకొనవచ్చును. డబ్బిచ్చినను దొరకనిది మరియొకటి కలదు. అది ఏమో తెలియవలెనన్న ఫిల్ముల కాలపు చీకటిగదిలోనికి ఒకసారి పోయి రావలెను.

డెల్టాలోని చిన్న పట్టణములలో ఆనాడు ఈ విద్యకు స్టూడియోయే బడి. పని నేర్వవచ్చిన కుర్రవానికి యజమాని కెమెరా ఈయడు, చీపురు ఇచ్చును. పిమ్మట ట్రేలు కడుగుట, హైపో కలుపుట, ఎఱ్ఱదీపపు వెలుతురులో కాగితముమీద బొమ్మ మెల్లమెల్లగా తేలుచుండగా ఎప్పుడు పైకి తీయవలెనో కనిపెట్టుట. ఆపైన రిటచింగు. నెగటివును ఏటవాలు బల్లపై నుంచి, సూదివలె చెక్కిన పెన్సిలుతో మశూచి గుంటలను, కంటిక్రింది నీడలను పూడ్చుట అది. ఉత్సాహము ఎక్కువైనవాడు ముడుతలన్నిటిని చెరిపి అవ్వను మనుమరాలిని చేయును; ఇంటివారు గుర్తుపట్టరు. ఎంత చెరుపవలెనో తెలియుటకంటె ఎక్కడ చేయి ఆపవలెనో తెలియుట కష్టము. ఇదంతయు అబ్బిన తరువాతగాని కెమెరా వెనుక నల్లగుడ్డలో తల దూర్చుటకు వానికి అనుమతి దొరకెడిది కాదు.

గోదావరి సీమలో ఈ వృత్తికి ప్రత్యేకమైన చిక్కొకటి ఉండెను. అది నీరు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు కాలువలే ప్రాణముగా బ్రతుకు సీమలో నీటికి చిక్కేమని అడుగవచ్చును. కాని వరద రోజులలో వచ్చునది ఎఱ్ఱనీరు. అందలి సన్నని ఒండ్రు తడిసిన జిలాటినుమీద పడినచో బొమ్మకు గీతలును మచ్చలును తప్పవు. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. అప్పుడు నూతినీరే గతి, సముద్రతీరపు ఊళ్లలో అదియు ఉప్పన. ఇక వేడి సంగతి. డెవలపరు 20 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర సరిగా పనిచేయును. వైశాఖమాసమున రాజమహేంద్రవరపు ఎండ 40 డిగ్రీలు దాటును. జిలాటిను మెత్తబడి, గాజుపలక అంచులనుండి ముడుతలుదేరి ఊడివచ్చును. అందుచేత పనిని తెల్లవారుజామునకు మార్చుకొనెడివారు. ట్రేను చల్లని నీటితొట్టిలో నుంచెడివారు. పటిక కలిసిన ద్రావణములో నెగటివును ముంచి గట్టిపరచెడివారు. గోదావరి ఎఱ్ఱనీటిని తేర్చుటకు ఇల్లాలు బిందెలో త్రిప్పు పటికయే చీకటిగదిలోను అక్కరకు వచ్చినది. రసాయనశాస్త్రము బోధించు ఉపాధ్యాయులకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకదేమో.

ఈ నీటి గొడవలోనే వ్యాపారపు కీలకము దాగియున్నది. బొమ్మను నిలుపు హైపోను ఆ వెనుక పూర్తిగా కడిగివేయవలెను. చాలినంత కడుగని బొమ్మ ఆనాటికి చక్కగనే యుండును; ఏండ్లు గడచినపిమ్మట పసుపుబారి వెలిసిపోవును. బియ్యములోని రాళ్లు ఆ పూటనే పంటిక్రింద తెలియును. చీర రంగు మొదటి ఉతుకులో తెలియును. ఫొటోలోని మోసము, అందులో ఉయ్యాలలో నున్న బిడ్డ పెద్దవాడైన తరువాతగాని బయటపడదు. బిందెలు మోయించి పదిసార్లు కడుగువాడును, రెండు ముంపులతో సరిపుచ్చువాడును ఆనాడు ఒకే ధర పుచ్చుకొందురు. తలుపు మూసిన గదిలో జరుగు పనిని కొన్నవాడు చూడడు. చూచినను వానికి తెలియదు. కనుక వాడు కొనునది బొమ్మను మాత్రమే కాదు, తీసినవాని మాటను కూడ.

ధర సంగతి వచ్చినది గనుక రాబడిని గూర్చి రెండు మాటలు. డెల్టాలో డబ్బు పంటతో వచ్చును. సంక్రాంతికిని, మాఘ ఫాల్గుణ వైశాఖముల ముహూర్తములకును చేతినిండ పని. ఆషాఢములోను మూఢములోను దుకాణములో ఈగలు ముసురును. కొత్తవాడు మాఘమాసపు రాబడిని చూచి ఏడాది పొడుగునకు అద్దె ఒప్పుకొనును. శ్రావణము రాకముందే చిక్కులో పడును. ఆ ఖాళీ నెలలలో వానిని బ్రతికించునవి దరఖాస్తులకు అంటించు చిన్న ఫొటోలు. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 వంటి కెమెరాతో మొదలిడినవానికి ఒక రోలుకు 12 బొమ్మలే. తొమ్మిది తీసిన తరువాత తక్కిన మూడింటికి గిరాకీ రాకున్న, ముందు తీయించుకొన్నవారు తిరుగవలసినదే. పెండ్లి పనికి పోవువాడు నరసాపురము రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి చేరవలెను. పెట్టెను ఒడిలోనుండి దింపడు. పెండ్లివారు బయానా ఇత్తురు. ఆల్బము సిద్ధమగునప్పటికి తక్కిన పైకము పెండ్లిఖర్చులలో కలిసిపోయి యుండును. ఈ కష్టములు ఏ చిన్న వ్యాపారమునకైనను ఉన్నవే. ఫొటోవానికి మాత్రమే ఉన్న కష్టము వేరు. వాని దగ్గర పరుల ముఖములుండును.

ఈ సంగతిని బాగుగ గ్రహించినవాడు నైజాము రాజ్యమున ఒకడుండెను. లాలా దీనదయాళుడు 1844లో మీరటు సమీపమునందలి సర్ధనాలో జన్మించెను. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో పనుల శాఖలో నక్షాలు గీయు ఉద్యోగము చేయుచు, 30 ఏండ్ల వయసున కెమెరా పట్టెను. అనగా అతడును ఒకనాడు కొత్తవాడే, సర్కారు జీతము మీద ఆధారపడి సాయంకాలములలో నేర్చుకొన్నవాడే. పిమ్మట సికింద్రాబాదులో స్టూడియో పెట్టెను. ఆరవ నైజాము మీర్ మహబూబ్ అలీఖాన్ అతనికి ఆస్థాన ఛాయాచిత్రకారుని పదవియు, రాజా బిరుదమును ఇచ్చెను. అతని పేరు చెప్పగనే వేటలును, దర్బారులును, కోటలును జ్ఞాపకమునకు వచ్చును. కాని వ్యాపారస్థుడుగా అతని తెలివి మరియొక చోట కనబడుచున్నది. 1892లో హైదరాబాదులో గోషాస్త్రీల కొఱకు ప్రత్యేకముగ స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్లస్త్రీ చేతిలో పెట్టెను. పరపురుషుని కెమెరా ముందునకు రాని గిరాకీ అతనికి లభించుటకు కారణము మంచి కటకము కాదు. ఇంటివారి భయమేమిటో అతనికి తెలియుటయే.

ఆ భయము గోషా లేని ఇండ్లలోను కలదు. అద్దాల బీరువాలో ఎవరి పిల్ల బొమ్మ పెట్టవచ్చునన్నదే ప్రశ్న. అందమైన బొమ్మ గిరాకీని తెచ్చునని కొత్తవాడు అడుగక పెట్టును. సంబంధములు చూచుచున్న తండ్రి వీధిలో పోవుచు చూచును. ఆ ఇంటినుండి మరల ఎవరును ఆ మెట్లెక్కరు. చట్టమును తండ్రి పక్షముననే యున్నది. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, డబ్బిచ్చి తీయించుకొన్న ఛాయాచిత్రముపై, వేరు ఒప్పందము లేనిచో, మొదటి హక్కు తీయించుకొన్నవారిదే, తీసినవానిది కాదు. ఈ సంగతి ఆ వృత్తిలోనివారే చాలమంది ఎరుగరు.

నేడు చీకటిగది లేదు. ప్లేట్లును ఫిల్ములును పోయినవి. ఫిల్మునకు మారుపేరైన కొడాక్ సంస్థయే 2012లో దివాలా రక్షణ కోరెను. కొత్తవానికి ఎఱ్ఱనీటి బెడద లేదు. 2015లో ప్రారంభమైన ముద్ర పథకమున శిశు తరగతి క్రింద 50,000 రూపాయల వరకు తాకట్టు లేకుండ అప్పును అడుగవచ్చును. బీరువా చేతిలోని ఫోనులోనికి వచ్చినది. బజారు బీరువాను ఊరివారు మాత్రమే చూచెడివారు, దానికి తాళమును ఉండెడిది. ఇప్పుడు పెట్టిన బొమ్మను తిరిగి తీసుకొనుట పెట్టినవాని తరము కాదు. పెండ్లికూతురు పసుపు నీళ్లాడు దృశ్యమును, ఆమెను అడుగక, తన పనితనమునకు నమూనాగా లోకమునకు చూపు కుర్రవాడు ఆ తండ్రి కోపమునే మరల కొనితెచ్చుకొనుచున్నాడు. కడుగని బొమ్మకు ఈడైనదియు నేడు కలదు. పెండ్లి బొమ్మలన్నిటిని ఒక్క డిస్కులో ఉంచి, రెండవ ప్రతి తీయక నిద్రపోవుట. అదియును ఆనాడు ఎవరికిని కనబడదు.

పాత స్టూడియోలలో ఒక ఖాతా పుస్తకముండెడిది. ప్రతి బొమ్మకు ఒక సంఖ్య. అదే సంఖ్య నెగటివు కవరు మీదను, బొమ్మ వెనుకను పెన్సిలుతో వ్రాసెడివారు. జాగ్రత్త తెలిసిన యజమాని ఆ కవర్ల పెట్టెలను నేలమీద గాక అటకమీద ఉంచెను. 1986 ఆగస్టు వరద వంటి వరదలు వచ్చు సీమలో గోడకున్న పటము నీటిపాలైనవారికి ఆ అటకయే దిక్కు.

ఆ పుస్తకములో కొన్ని సంఖ్యల ఎదుట పుచ్చుకొన్న రుసుము గడి ఖాళీగా ఉండుట కలదు. ఫొటో అనునది ఎన్నడును తీయించుకొనని ముదుసలి మరణించినచో, శవము లేచులోపల స్టూడియోకు కబురు వచ్చెడిది. అరుగుమీద గోడకు ఆనించి కూర్చుండబెట్టి, బొట్టు పెట్టి, పూలమాల వేసి, కొడుకులు ఇరుప్రక్కల నిలిచెడివారు. పని నేర్చిన మొదటి ఏడే ఈ పిలుపు రావచ్చును. అక్కడ నవ్వుమనుటకు లేదు, కదలవద్దనుటకు లేదు, రేపు మరల తీయుదుననుటకు అంతకన్న లేదు. పొగమంచు ఉన్నను, చేయి వణకినను, ఆ ఒక్క పలకలోనే బొమ్మ రావలెను. తీసి వచ్చినవాడు స్నానము చేసి, చీకటిగది తలుపు మూసికొని, ఆ బొమ్మను తక్కిన వాటికన్న ఎక్కువసేపు కడిగెడివాడు.