దేశం దాటే ముందు మందుల సంచి చూసుకోండి

దుబాయికి గానీ, యెరూషలేము యాత్రకు గానీ బయలుదేరేవారు పాస్‌పోర్టు, వీసా, టికెట్టు పదిసార్లు చూసుకుంటారు. మందుల సంచి మాత్రం చివరి రాత్రి ఇంట్లోవాళ్ళు సర్దుతారు. బీపీ గోళీలు, షుగరు గోళీలు, నొప్పుల గోళీలు, దగ్గు మందు అన్నీ ఒకే కవరులో వేస్తారు. డాక్టరు చీటీ ఇంట్లోనే ఉండిపోతుంది. సంచిలో పట్టడం లేదని స్ట్రిప్పులు కత్తిరించి, పేరున్న ముక్క పారేసేవారూ ఉన్నారు. పరాయి దేశపు కస్టమ్స్ అధికారికి పేరులేని గోళీ కంటే అనుమానం కలిగించేది మరొకటి లేదు.

బీపీ, షుగరు, థైరాయిడ్ మందులతో సాధారణంగా ఇబ్బంది రాదు. చిక్కంతా నొప్పి, నిద్ర, దగ్గు, మూర్ఛ మందులతోనే.

ముందుగా ట్రమడాల్ సంగతి. మోకాళ్ళ నొప్పులకు, నడుము నొప్పికి, ఆపరేషన్ తరువాత డాక్టర్లు ఇచ్చే మందు ఇది. పారాసెటమాల్‌తో కలిపిన మాత్రలుగా కూడా వస్తుంది. మన దేశంలోనే 2018లో దీనిని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. ఐగుప్తులో ఆంక్షలు చాలా కఠినం. 2017లో ఒక బ్రిటన్ మహిళ అక్కడి తన స్నేహితుని నడుము నొప్పికని 290 ట్రమడాల్ మాత్రలు తీసుకుపోయింది. కోర్టు మూడేళ్ళ జైలుశిక్ష వేసింది. 2019 జనవరిలో గానీ ఆమె విడుదల కాలేదు. యెరూషలేము యాత్రలు కొన్ని ఐగుప్తు మీదుగా సాగుతాయి. యాత్రికులలో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారే ఎక్కువ. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాము.

షుగరు వల్ల అరికాళ్ళ మంటలకు వాడే ప్రెగాబాలిన్ మనకు మామూలు మందు. అరబ్ ఎమిరేట్స్‌లో, సౌదీలో అది నియంత్రిత మందుల జాబితాలో ఉంది. కోడీన్ కలిసిన దగ్గు మందులు, నిద్రకు, ఆందోళనకు వాడే అల్ప్రాజోలం, డయజిపాం, క్లోనజిపాం కూడా అంతే.

అల్ప్రాజోలం పేరు మన మెదక్ ప్రాంతం వారికి మరో విధంగా తెలుసు. కల్తీ కల్లులో కలిపేది ఇదే. ఆ కల్లుకు అలవాటుపడినవారు హఠాత్తుగా మానితే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్ రావడం జరుగుతాయి. విమానం ఎక్కే రోజున మానేద్దామనుకోవడం ప్రమాదం. ఓర్చుకోలేమని నాలుగు గోళీలు జేబులో వేసుకోవడం ఇంకో ప్రమాదం. ఇలాంటివారు సిగ్గుపడక కొన్ని వారాల ముందే డాక్టరుకు చెప్పుకోవాలి.

ఇదంతా చదివి మూర్ఛ మందులు ఇంట్లో వదిలి వెళ్ళకండి! గార్డినాల్, క్లోబజాం వంటివి చాలా దేశాలలో నియంత్రిత మందులే అయినా, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అనుమతి తీసుకుని వెంట ఉంచుకోవడమే మార్గం. వాటికి బదులు వేరే మందు వాడవచ్చా అన్నది డాక్టరు తేల్చవలసిన విషయం. మార్చవలసి వస్తే దానికి సమయం పడుతుంది.

అనుమతి ఎలా? ఎమిరేట్స్‌కు వెళ్ళేవారు ఆ దేశ ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. దానికి రుసుము లేదు. డాక్టరు చీటీ, వైద్య నివేదిక జతచేయాలి. నియంత్రిత మందులు మూడు నెలల వాడకానికి మించి తీసుకుపోకూడదు. మిగతా దేశాలకు పోయేవారు ఆయా రాయబార కార్యాలయాలను అడిగి, జవాబును కాగితం మీద ఉంచుకోవడం మంచిది. ఏజెంటు నోటిమాట విమానాశ్రయంలో పనికిరాదు.

చీటీ మీద మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. కంపెనీ పేరు ఇతర దేశాలలో తెలియదు కనుక మందు అసలు పేరు ఇంగ్లీషులో వ్రాయించుకోండి. జబ్బు, రోజుకెన్ని, ఎన్నాళ్ళు, డాక్టరు సంతకం, ముద్ర కూడా ఉండాలి. మాత్రలు స్ట్రిప్పులోనే ఉంచండి. ఇన్సులిన్‌ను చేతి సంచిలోనే తీసుకువెళ్ళాలి. విమానం అడుగున వేసే పెట్టెలో చలికి గడ్డకట్టవచ్చు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనిచేయదు.

ఇక ఇతరుల పొట్లాలు. "మా తమ్ముడికి ఈ గోళీలు ఇవ్వు బిడ్డా" అని పక్కింటి పెద్దమ్మ అడిగితే కాదనలేము. కానీ మీ సంచిలో దొరికినది మీదే అవుతుంది. 2019లో ముంబయి దంపతులు బంధువు ఇచ్చిన పొట్లంతో ఖతార్‌లో దిగగా, అందులో నాలుగు కిలోల హషీష్ బయటపడింది. ఇద్దరికీ పదేళ్ళ శిక్ష పడింది. నిర్దోషులుగా 2021లో బయటపడేలోగా ఆమె జైలులోనే ప్రసవించింది.

తల్లులకు ఒక మాట: కొడుకు కోసం కట్టే కూర మసాలాలో గసగసాలు వేయకండి. అవి ఎమిరేట్స్‌లో నిషిద్ధం.

ప్రయాణానికి కనీసం నెల ముందు మీ మందుల స్ట్రిప్పులన్నీ పట్టుకుని మీ డాక్టరు వద్దకు రండి.