పిల్లల పాటల వెనుక ఓ స్వరకర్త

కథ రాద్దామని కూర్చోగానే కుక్కర్ కూత పెడుతుంది. అలాంటప్పుడు నాకు రూత్ క్రాఫర్డ్ సీగర్ గుర్తొస్తుంది. అమెరికాలో 1901లో పుట్టిన ఈమె, సంగీత రచనకు గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ పొందిన తొలి మహిళ. అది 1930 సంగతి. మరుసటి ఏడాది రాసిన స్ట్రింగ్ క్వార్టెట్ మూడో భాగంలో నాలుగు వాయిద్యాల నాదమూ ఒకదాని తర్వాత ఒకటి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. పాట విన్నట్టుండదు, ఎవరో ఊపిరి పీల్చి వదులుతున్నట్టుంటుంది.

1932లో చార్లెస్ సీగర్‌తో పెళ్లయింది. నలుగురు పిల్లలు. సొంత రచన దాదాపు ఆగిపోయింది. అలాగని ఊరికే కూర్చోలేదు లెండి! జానపద గీతాలకు స్వరాలు రాసింది, 1948లో పిల్లల పాటల పుస్తకం తెచ్చింది. అదీ గొప్ప పనే, కాదనను. కానీ ఆ క్వార్టెట్ రాసిన చెయ్యి మాటో?

1952లో అయిదు ఊదే వాద్యాల కోసం మళ్లీ తన సంగీతం తాను రాసుకుంది. మరుసటి ఏడాదే కేన్సర్‌తో పోయింది. అప్పటికి ఆమెకు 52 ఏళ్లు.