గడిలోని మాట, గడి వెనుక చిరునామా

నంద్యాల చుట్టును నవనందులు, ఆళ్లగడ్డ దాటి నల్లమలలో అహోబిల నవనారసింహులు. ఈ పదునెనిమిది క్షేత్రములను ఒక్క పట్టికలో వ్రాసి, కార్తికమాసమున యాత్రకు వచ్చు బంధువులకు ముందుగా పంపవలెనని తలచిన గృహస్థు నేడు కాగితము తీయడు. కంప్యూటరులో ఎక్సెల్ పట్టికను తెరచును. వరుసకొక క్షేత్రము. మొదటి గడిలో పేరు, రెండవదానిలో మండలము, మూడవదానిలో ఛాయాచిత్రము. మహానంది అను పేరుపై నొక్కినంతనే దారి చూపు పటము తెరచుకొనును. నీలిరంగులో, క్రింద గీతతో కనబడు ఆ పేరు హైపర్‌లింకు. తెలుగున దీనిని లంకె యనుట వాడుకలోనికి వచ్చినది. మేమును ఆ మాటనే వాడుదుము.

పదునెనిమిది లంకెలను చేతితోనే పెట్టవచ్చును. కాని జిల్లాలోని గ్రామములన్నిటికిని, లేదా ఆళ్లగడ్డలోని ఒక శిల్పశాలవారు తాము చెక్కిన వందలకొలది విగ్రహముల ఛాయాచిత్రములకును లంకెలు పెట్టవలసివచ్చినచో చేతులు నొచ్చును, కన్ను పొరబడును. అప్పుడు కోడు కావలెను. కోడు అనగా యంత్రమునకు వ్రాసి యిచ్చు ఆజ్ఞల వరుస. ఆ ఆజ్ఞలను అక్షరము తప్పక చదివి వినిపించుట రేడియో ప్రసంగమునకు తగిన పని కాదు. అవి దేనిపై పనిచేయునో, ఎచట దారి తప్పునో చెప్పుటయే మా ఉద్దేశము.

మొట్టమొదట గ్రహింపవలసిన సంగతి యొకటి కలదు. గడిలో కనబడు మాట వేరు, దాని వెనుకనున్న చిరునామా వేరు. 1979వ సంవత్సరమున డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను నిరువురు విసికాల్క్ అను పట్టికను వెలువరించిననాడు గడిలో మాటయో, అంకెయో, సూత్రమో మాత్రమే యుండెడిది. గడికి లంకె తగిలించు ఏర్పాటు ఎక్సెల్ 97తో వచ్చినది. తరువాత వచ్చిన చేర్పు గావుననేమో, నేటికిని అది గడిలో ఇమడలేదు, గడికి అతికించినట్లే యున్నది. ఎక్సెల్ ఫైలు నిజమునకు ఒక జిప్ మూట. ఆ మూట విప్పి చూచినచో గడిలోని మాటలు ఒకచోట, ఫలానా గడికి ఫలానా లంకె యను జాబితా ఇంకొకచోట, అసలు వెలుపలి చిరునామాలు మరియొక అనుబంధపు ఫైలులోను కనబడును. కావున మహానంది అను మాటను చెరిపి గరుడనంది అని వ్రాసినంతమాత్రమున లంకె మారదు. పేరు గరుడనందిది, దారి మహానందిదే. ఈ రెండును మహానంది క్షేత్రముననే యున్నవి గనుక యాత్రికునికి నష్టము లేదు. జ్వాలా నరసింహుని పేరు వెనుక పావన నరసింహుని దారి యున్నచో మాత్రము, ఆ అడవిలో ఒక దినము వ్యర్థమగును.

అందుచే కోడు వ్రాయువాడు మొదట చేయదగిన పని, లంకెలను సృష్టించుట కాదు, ఉన్నవానిని వెలికి తీయుట. ఎక్సెల్‌లోని విజువల్ బేసిక్ భాషలో ప్రతి పుటకును హైపర్‌లింక్స్ అను సముదాయము కలదు. దానిని ఒక్కొక్కటిగా తడవుచు, ప్రతి లంకె యొక్క అడ్రస్ అను గుణమును ప్రక్క గడిలో వ్రాయుమని ఆజ్ఞాపించినచో దాగియున్నదంతయు వెలుగులోనికి వచ్చును. పైథాన్‌లో ఓపెన్‌పైఎక్సెల్ అను సాధనముతోను ఇదే పని జరుగును. అచట ప్రతి గడికిని హైపర్‌లింక్ అను గుణమును అడుగవలెను.

ఈ వెలికితీత పండితులకే పరిమితమైన వినోదము కాదు. ఉద్యోగముల పట్టికయనియు, పథకముల దరఖాస్తుల పట్టికయనియు ఎవరో పంపిన ఫైళ్లు నేడు ప్రతి యింటికిని చేరుచున్నవి. గడిలో ఒక బ్యాంకు చిరునామా అక్షరము పొల్లుపోక కనబడుచుండును; వెనుకనున్న చిరునామా మోసగానిది కావచ్చును. కన్ను చదివినది ఒకటి, వ్రేలు నొక్కినది మరియొకటి. కనబడు మాటను, చిరునామాను ప్రక్కప్రక్కన నిలిపి చూపు పది పంక్తుల కోడు ఒక కుటుంబపు సొమ్మును కాపాడవచ్చును. అట్టి కోడును మన ఫైలులోనే వ్రాసికొని, వచ్చిన ఫైలును తెరువకయే పైథాన్ చేత చదివించుట మేలు.

ఇందొక చిక్కు కలదు. లంకెలు రెండు జాతులవి. చేతితో లేదా కోడుతో అతికించినవి ఒక జాతి. హైపర్‌లింక్ అను సూత్రమును గడిలో వ్రాయగా పుట్టినవి రెండవ జాతి. చూచుటకు రెండును ఒక్కతీరుగనే యుండును. కాని పైన చెప్పిన సముదాయమున సూత్రపు లంకెలు చేరవు. మన పట్టికలో నవనందులకు అతికించిన లంకెలును, నవనారసింహులకు సూత్రములును ఉన్నవనుకొందము. లెక్కింపుమని కోడు నడిగినచో తొమ్మిది యని చెప్పును. అహోబిలమంతయు లెక్కలో లేకుండ పోవును. కోడు మాత్రము ఏ దోషమును ప్రకటింపదు. సూత్రపు జాతిని పట్టుటకు ప్రతి గడిలోని సూత్రమును చదివి, అది హైపర్‌లింక్ అను మాటతో మొదలగునేమో చూడవలసినదే.

తెలుగు చిరునామాల ముచ్చట వేరు. తెవికీలోని నంద్యాల పుట చిరునామాను బ్రౌజరునుండి నకలు తీసినచో తరచుగా తెలుగక్షరములు మాయమై, శాతపు గుర్తులతో కూడిన పొడవాటి తోరణము వచ్చును. తప్పేమియు జరుగలేదు. ప్రతి తెలుగు సంకేతమును యంత్రము మూడు బైట్లుగా దాచును. ఒక్కొక్క బైటు శాతపు గుర్తుతో కలిసి మూడు అక్షరములగును. అనగా తెలుగు సంకేతమొకటికి తొమ్మిది. నంద్యాల అను పేరులో న, సున్న, ద, పొల్లు, య, దీర్ఘము, ల, వెరసి ఏడు సంకేతములు. అవి 63 అక్షరములగును. ఎక్సెల్ సూత్రములో కొటేషను గుర్తుల నడుమ వ్రాయు మాట 255 అక్షరములు మించరాదు. ఛత్రవట నరసింహస్వామి దేవాలయము అను శీర్షికతో తెవికీ పుట యుండెనేని, దాని చిరునామా ముందుభాగముతో కలిసి 266 అక్షరములగును. సూత్రము దానిని త్రోసివేయును. ఇంగ్లీషు పేర్లతో ఎన్నడు నెదురుపడని ఈ అవరోధము తెలుగువానికి ముప్పదియవ సంకేతమునకు ముందే యెదురగును. విరుగుడు సులభమే: సూత్రము మాని, కోడుచేత లంకెను అతికింపవలెను. క్రొత్త ఎక్సెల్‌లలో అట్టి చిరునామా రెండువేల అక్షరములకు మించి యుండవచ్చును.

ఇక మరమ్మతు. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన కర్నూలు జిల్లానుండి విడివడి నంద్యాల జిల్లా ఏర్పడినది. జిల్లాకు ప్రత్యేకముగా ప్రభుత్వ వెబ్‌సైటును వచ్చినది. అంతకుముందు వ్రాసికొన్న పట్టికలలో మహానందికిని, అహోబిలమునకును, శ్రీశైలమునకును ఉన్న లంకెలు కర్నూలు జిల్లా చిరునామాతో నున్నవి. చిరునామాలన్నిటిలోను కర్నూలు అను మాటను తీసి నంద్యాల అను మాటను పెట్టుమని ఒక్క పంక్తి వ్రాసినచో సరిపోవునని తోచును. సరిపోదు. శ్రీశైలము నంద్యాల జిల్లాలోనికి వచ్చినది, మంత్రాలయము కర్నూలులోనే నిలిచినది. గుడ్డిగా మార్చినచో ఇంతవరకు సరిగనున్న మంత్రాలయపు లంకె చెడును. కావున ఏ మండలము ఏ జిల్లాలో చేరినదో తెలుపు చిన్న పట్టికను ప్రక్కన నుంచుకొని, వరుసలోని మండలమును చూచి, నంద్యాలకు చేరినవానిలో మాత్రమే, అదియు చిరునామా ముందుభాగమును మాత్రమే కోడు మార్చవలెను.

అంతటితోనైన పని ముగియునా? క్రొత్త వెబ్‌సైటులో పుటల అమరిక పాతదానివలెనే యుండవలెనను నియమము లేదు. మార్చిన ప్రతి చిరునామాను కోడుచేత ఒకసారి తట్టి చూడవలెను. పుట లేనిచో 404 అను అంకె బదులువచ్చును, ఉన్నచో 200. అయితే 200 వచ్చినదని నిశ్చింతపడరాదని మా అభిప్రాయము. తలుపు తీసినవాడు మనము వెదకు మనిషియే యని ఆ అంకె చెప్పదు. పదునెనిమిది వరుసలే యైనచో వానిని కన్నులారా చూచుటయే ఉత్తమము.

ఛాయాచిత్రముల లంకెలు వెబ్‌సైటునకు కాక మన కంప్యూటరులోని ఫోల్డరుకు పోవును. పట్టికయు, చిత్రములును ఒకే ఫోల్డరులో నుండి, రెండును కలిసి కదలినచో లంకె చెడదు. పట్టికను మాత్రమే పంపినచో బంధువునకు ఖాళీ తలుపే దక్కును. పట్టికలోని ఒక పుటనుండి ఇంకొక పుటకు పెట్టిన లోపలి లంకెలకు ఇంకొక బలహీనత: గమ్యపు పుట పేరు మార్చినచో లంకెలోని పేరు తానై మారదు. గమ్యమునకు నామకరణము చేసి, లంకెను ఆ నామమునకు కట్టినచో ఈ బాధ తప్పును.

చివరగా, ఈ పట్టికను సీఎస్‌వీ అను సాదా రూపమున భద్రపరచి పంపువారు కలరు. ఆ రూపములో గడిలో కనబడు మాట మాత్రమే మిగులును, లంకెలన్నియు రాలిపోవును. పంపుటకు ముందు మనము చెప్పుకొన్న వెలికితీత కోడును నడిపి, చిరునామాలను ప్రత్యేకమైన వరుసలో మాటలుగా వ్రాయించినచో, అవియును పేర్లతోపాటు ప్రయాణముచేసి, అవతలివారి కంప్యూటరులో మరల లంకెలుగా అతికించుటకు సిద్ధముగా నుండును.