ఆరోగ్య బీమా యందలి అసత్యపు క్లెయిములు: దండనకు ప్రమాణమెట్టిది?

ప్రజాధనముతో నడచు ఆరోగ్య బీమా యందు అసత్యపు క్లెయిము వలన నష్టపడునది ప్రభుత్వము మాత్రమే కాదు. తన కుటుంబమునకు కేటాయింపబడిన సొమ్ము తానెఱుగకయే వ్యయమైపోగా, నిజముగా జబ్బుపడిన నాడు వట్టి చేతులతో నిలుచు రోగియు నష్టపడును. అయినను లెక్కలలోని ప్రతి పొరపాటును మోసమని శిక్షించినచో, వైద్యశాలలు పేదలను చేర్చుకొనుటకే జంకును. కావున పొరపాటునకును మోసమునకును నడుమ హద్దెక్కడనో విచారింపవలసియున్నది.

మన చింతాద్రిపేట 1734 ప్రాంతమున, గవర్నరు జార్జి మోర్టన్ పిట్ కాలమున, నేతగాండ్ర కొఱకు ఏర్పడిన పేట. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టము ప్రధానముగా కర్మాగారములలోని కార్మికులను ఉద్దేశించినది. ఇంట మగ్గము నేయువానికి అందు చోటు లేకపోయెను. అట్టి అల్పాదాయ కుటుంబములను ఉద్దేశించి తమిళనాట ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకము 2012 జనవరి 11 న వెలసినది. తెలుగునాట ఆరోగ్యశ్రీ 2007 లోనే ఆరంభమైనది.

1948 చట్టము ఈ విషయమున ఒక చక్కని భేదమును పాటించినది. అర్హత లేక పొందిన లాభమును తిరిగి చెల్లింపవలెనని 70 వ సెక్షను విధించినది. తెలిసి పొందెనా, తెలియక పొందెనా అను ప్రశ్న అందు లేదు. 84 వ సెక్షను మాత్రము ‘తెలిసి’ అసత్యము పలికిన వానికే ఆఱు నెలల వఱకు కారాగారము గాని, రెండు వేల రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని నిర్ణయించినది. ఆ చట్టము స్థానమున 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 న అమలులోనికి వచ్చినది.

వంచన నేరమునకు పూర్వము భారత శిక్షాస్మృతి 420 వ సెక్షనును, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 318 వ సెక్షనును ఆధారము. మోసపు తలంపు ఆదినుండియు ఉండవలెనని సుప్రీముకోర్టు 2000 లో హృదయరంజన్ ప్రసాద్ వర్మ వ్యాజ్యమున నిర్ణయించినది. ఒకే చికిత్సకు గుమాస్తా ఏమఱుపాటున రెండు బిల్లులు పంపినచో సొమ్ము తిరిగి రాబట్టిన చాలును. చేయని శస్త్రచికిత్సకు రోగిచే ఖాళీ కాగితముపై వ్రేలిముద్ర వేయించినచో, ఆ కార్యమే తలంపును చాటును.

అమెరికాలో 1863 నాటి అసత్య క్లెయిముల శాసనము, 1986 సవరణ ననుసరించి, నిజముగా ఎఱిగియుండుటను, బుద్ధిపూర్వకముగా కన్నులు మూసికొనుటను, విచ్చలవిడి నిర్లక్ష్యమును సమముగా నెంచును. నష్టమునకు మూడింతలు రాబట్టును. ప్రతివాది అప్పుడు మనసున ఏమి నమ్మెనో అదియే ముఖ్యమని అచ్చటి ఉన్నత న్యాయస్థానము 2023 లో సూపర్‌వాల్యూ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. అట్టి సమగ్ర శాసనము మన దేశమున ఇంకను లేదు.

వైద్యశాలను పథకమునుండి తొలగించుటకు నేర విచారణయందు వలె నిస్సంశయమైన ఋజువు అక్కఱలేదు. అయినను కాంట్రాక్టుదారును నిషిద్ధుల పట్టికలో చేర్పదలచినపుడు ఆ సంగతి నోటీసులోనే తెలుపవలెనని సుప్రీముకోర్టు 2014 లో గూర్ఖా సెక్యూరిటీ సర్వీసెస్ వ్యాజ్యమున శాసించినది. ఆ న్యాయము వైద్యశాలలకును వర్తింపదగినది.

పొరపాటునకు సొమ్ము వాపసు, నిర్లక్ష్యమునకు తొలగింపు, తెలిసి చేసిన మోసమునకు కారాగారము: ఈ మూడు మెట్లను కలగాపులగము చేయక పాటించినపుడే రోగి సొమ్మును, వైద్యుని ధైర్యమును ఏకకాలమున నిలుచును.