మూడో వారంలో ట్యూబు పక్కన పడేస్తున్నారా? మొటిమలకు రాసే రెటినాయిడ్ క్రీము గురించి తెలుసుకోవాల్సిన సంగతులు

నిఖా కుదిరింది. ఇంకా మూడు నెలల టైమ్ ఉంది. అమ్మాయికి గడ్డం చుట్టూ, బుగ్గల మీద మొటిమలు. స్కిన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఒక చిన్న ట్యూబు రాసిచ్చారు, రాత్రి పూట రాసుకోమన్నారు. మొదటి వారం ఏమీ తేడా తెలియలేదు. రెండో వారం ముక్కు పక్కన పొట్టు లేచింది. మూడో వారానికి ముందు లేని చోట కూడా నాలుగు కొత్త మొటిమలు. దావత్‌లో కలిసిన ఖాలా చూసి, "ఏం బేటా, మొహం ఇట్లా అయిపోయింది? ఆ క్రీము నీకు పడలేదు, ఆపెయ్" అంది. అమ్మీ భయపడి ట్యూబు చెత్తబుట్టలో వేసింది. మర్నాడు పక్కింటి వాళ్లు చెప్పిన ఇంకో క్రీము మెడికల్ షాపు నుంచి వచ్చింది. అది రాసిన వారంలోనే మొహం తెల్లగా, నున్నగా కనిపించింది. ఇంట్లో అందరికీ సంతోషం.

ఇలాంటిది చాలా ఇళ్లలో జరిగేదే. ఇందులో రెండు తప్పులున్నాయి. పని మొదలుపెట్టిన మందును పారేయడం మొదటిది. రెండోది ఇంకా పెద్దది. దాని సంగతి కొంచెం ఆగి చూద్దాం.

డాక్టర్ రాసిచ్చిన ఆ ట్యూబులో ఉండేది చాలాసార్లు రెటినాయిడ్ అనే జాతి మందు. ఇది ఏ విటమిన్‌కు దగ్గరి చుట్టం. మన దగ్గర మొటిమలకు ఎక్కువగా రాసేవి రెండు, ట్రెటినోయిన్, అడాపలీన్. ట్రెటినోయిన్ పాతది. అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ డాక్టర్ ఆల్బర్ట్ క్లిగ్‌మన్, ఆయన తోటివాళ్లు ఇది మొటిమల మీద పనిచేస్తుందని 1969లో ప్రచురించారు. 1971లో అక్కడి ప్రభుత్వ అనుమతి వచ్చింది. (ఇదే క్లిగ్‌మన్ ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల మీద ఏళ్ల తరబడి చర్మ ప్రయోగాలు చేశాడు. వాళ్లలో ఎక్కువ మంది నల్లజాతి వాళ్లు. మందు మంచిదే, దాని వెనుక చరిత్ర మాత్రం అంత శుభ్రమైంది కాదు.) అడాపలీన్ 1996లో వచ్చింది. ఇది కాస్త మెత్తని మందు, మంట తక్కువ. 2016 నుంచి అమెరికాలో 0.1 శాతం అడాపలీన్ జెల్‌ను చీటీ లేకుండానే అమ్ముతున్నారు. మన దగ్గర మాత్రం డాక్టర్‌ను అడిగే వాడాలి.

ఇంతకీ మొదట్లో మొహం ఎందుకు పాడైనట్టు కనిపిస్తుంది? మొటిమ అంటే పైన కనిపించే ఎర్రటి బొడిపె ఒక్కటే కాదు. చర్మంలో వెంట్రుక కుదురు దగ్గర ఒక సన్నటి గొట్టం ఉంటుంది. అందులోంచి జిడ్డు పైకి వస్తుంది. గొట్టం లోపలి గోడల నుంచి చచ్చిన కణాలు రాలి, జిడ్డుతో పాటు బయటికి పోవాలి. మొటిమలు వచ్చే వాళ్లలో ఆ కణాలు విడిగా రాలవు, ఒకదానికొకటి అతుక్కుని బిరడాలా గట్టిపడతాయి. ఆ బిరడా వెనుక జిడ్డు పేరుకుంటుంది, క్రిములు పెరుగుతాయి, వాపు వస్తుంది. బిరడా పడిన రోజు నుంచి బొడిపె బయటికి కనిపించేదాకా వారాలు పట్టొచ్చు. అంటే ఈ రోజు అద్దంలో కనిపించే మొటిమ నెల కిందటే లోపల మొదలై ఉంటుంది.

రెటినాయిడ్ పనిచేసేది ఆ బిరడా మీద. కణాలు మామూలుగా రాలేలా చేస్తుంది, కొత్త బిరడాలు పడకుండా చూస్తుంది. అప్పటికే లోపల సగం తయారై ఉన్నవి కొందరిలో త్వరగా పైకి వచ్చేస్తాయి. మూడో వారంలో ఖాలా చూసింది వాటినే. అందరికీ ఇలా కావాలని లేదు. అయినవాళ్లకు మాత్రం మొదటి నెల కష్టంగా గడుస్తుంది. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత కొత్తవి రావడం తగ్గుతుంది. అసలు ఫలితం తెలియాలంటే పన్నెండు వారాలు ఆగాలి. అందుకే పెళ్లికి మూడు నెలలుంటే మొదలుపెట్టడానికి అది మంచి సమయమే. రెండు వారాలే ఉంటే కొత్తగా మొదలుపెట్టకపోవడమే మేలు.

ఇంకో సంగతి. ఇది లేచిన మొటిమ మీద చుక్కలా పెట్టే మందు కాదు. ఉన్న మొటిమ కంటే రాబోయే మొటిమ మీద దీని పని ఎక్కువ. కాబట్టి మొటిమలు వచ్చే భాగం అంతటా పలచగా రాయాలి.

ఎంత రాయాలి? మొహం మొత్తానికి బఠాణీ గింజంత, అంతే. వేలి మీద తీసుకుని నుదురు, రెండు బుగ్గలు, గడ్డం మీద చుక్కలు పెట్టి పలచగా పరచాలి. ఎక్కువ రాస్తే త్వరగా తగ్గుతుందనుకుంటారు. తగ్గదు, మంట మాత్రం పెరుగుతుంది. మన రంగు చర్మానికి ఈ మంట చిన్న విషయం కాదు. చర్మం రేగిన ప్రతిచోటా నల్లటి మచ్చ మిగులుతుంది, మొటిమ పోయినా ఆ మచ్చ నెలల తరబడి ఉంటుంది. అందుకే చాలామంది డాక్టర్లు మొదట్లో వారానికి రెండు మూడు రాత్రులే రాయమంటారు. రెండు మూడు వారాలు అలా నడిచి చర్మం ఊరుకుంటే రోజు విడిచి రోజు, ఆ తర్వాత ప్రతి రాత్రి. బాగా పొడి చర్మం ఉన్నవాళ్లు ముందు మాయిశ్చరైజర్ రాసి, దాని మీద మందు రాసుకోవచ్చు. పని కొంచెం నెమ్మదిస్తుందేమో గానీ, మధ్యలో మానేయడం కంటే అది చాలా నయం. కంటి మూలలు, ముక్కు పక్క మడత, పెదవుల చివరలు వదిలేయాలి. పొట్టు ముందు లేచేది అక్కడే.

రాత్రే ఎందుకంటే ట్రెటినోయిన్ వెలుతురుకు పాడవుతుంది. అడాపలీన్‌కు ఆ ఇబ్బంది అంతగా లేదు కానీ, రెండింటితోనూ చర్మం ఎండకు తట్టుకునే శక్తి తగ్గుతుంది. కాబట్టి పగలు ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్ తప్పనిసరి. మన ఎండల సంగతి తెలిసిందే. నిఖాబ్ వేసుకుంటాం కదా, సన్‌స్క్రీన్ ఎందుకు అంటారు కొందరు. నుదురు, కళ్ల చుట్టూ ఎండ పడుతూనే ఉంటుంది, పలచటి బట్టలోంచి కూడా కొంత వెళుతుంది.

నమాజ్ చదివే ఇళ్లలో వేళ కుదుర్చుకోవడం తేలికే. ఇషా అయ్యాక, ఇక ఆ రాత్రి వుజూ చేయాల్సిన పని లేదనుకున్నాక మొహం మెత్తని ఫేస్‌వాష్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాలి. తడి మొహం మీద రాస్తే మంట ఎక్కువ. తహజ్జుద్‌కు లేచేవాళ్లు భయపడక్కర్లేదు, అప్పటికి చర్మంలోకి వెళ్లాల్సింది వెళ్లిపోతుంది. ఫజర్ వుజూలో మిగిలింది కడుక్కుపోతుంది. రోజుకు ఐదు సార్లు మొహం కడగడం వల్ల చర్మం పొడిబారుతుందా అంటే, నీళ్లతో పెద్ద నష్టం లేదు. ప్రతి వుజూకీ సబ్బు వాడితేనే, తువ్వాలుతో గట్టిగా రుద్దితేనే అసలు నష్టం. మెత్తగా అద్దుకుని, వెంటనే కాస్త మాయిశ్చరైజర్ రాసుకుంటే చాలు.

రంజాన్‌లో ఆపాలా అని కూడా అడుగుతుంటారు. చర్మం పీల్చుకునే క్రీములు, లేపనాలు రోజాను భంగపరచవని జెద్దాలో 1997లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. రాసేది ఎలాగూ రాత్రే, తరావీహ్ తర్వాత. పగలు నీళ్లు తాగరు కాబట్టి పెదవులు, చర్మం మామూలు కంటే ఎండిపోతాయి. ఆ నెల రోజులు మాయిశ్చరైజర్ ఒక పూట ఎక్కువ రాయండి, అవసరమైతే మందును రోజు విడిచి రోజుకు తగ్గించండి. ఇంకా సందేహముంటే మీ మసీదు ఇమామ్ సాబ్‌ను అడగండి.

ఇప్పుడు ఆ రెండో తప్పు దగ్గరికి వద్దాం. పక్కింటి వాళ్లు చెప్పిన క్రీము ఏమిటి? చాలాసార్లు అది మూడు మందులు కలిపిన ట్యూబు. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, వాటితో పాటు మొమెటాసోన్ లాంటి ఒక స్టెరాయిడ్. ట్రెటినోయిన్ పేరు కనిపించేసరికి అదీ ఇదీ ఒకటే అనుకుంటారు. కాదు. ఇలా మూడు కలిపే పద్ధతి కూడా క్లిగ్‌మన్ నుంచే వచ్చింది, 1975లో. అది మంగు మచ్చలకు, డాక్టర్ చూస్తుండగా కొద్ది వారాలు వాడటానికి. మొటిమలకు కాదు, తెల్లబడటానికి అసలే కాదు.

స్టెరాయిడ్ రాసిన వెంటనే ఎరుపు, వాపు అణిగిపోతాయి. అందుకే వారంలో మొహం అద్దంలా అవుతుంది. నెలలు గడిచే కొద్దీ చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, మొహం మీద వెంట్రుకలు పెరుగుతాయి, స్టెరాయిడ్ వల్లే కొత్త మొటిమలు లేస్తాయి. ఆపితే మొహం ఎర్రబడి మండిపోతుంది, అందుకని మళ్లీ రాస్తారు. ఇలా పాడైన మొహాలను సరిచేయడానికి డాక్టర్లకు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. చర్మ వైద్యుల సంఘం ఏళ్లుగా దీని మీద మొత్తుకుంటోంది. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ పలు స్టెరాయిడ్ క్రీములను చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ జాబితాలోకి తెచ్చింది. అయినా కౌంటర్ మీద అడిగితే ఇచ్చే షాపులకు కొదవ లేదు.

కాబట్టి ట్యూబు చేతికి రాగానే కంపెనీ పెట్టిన పెద్ద పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు చదవాలి. మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్, ఫ్లూఓసినోలోన్, వీటిలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. ఇంగ్లిష్ చదవడం రాకపోతే కాలేజీకి వెళ్లే పిల్లలతో చదివించండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్‌కు ట్యూబు చూపించి, ఎలా మానాలో అడగండి. దాన్ని దాచిపెట్టి వెళ్తే డాక్టర్‌కూ అర్థం కాదు.

ఆడవాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సిన సంగతి గర్భం. రెటినాయిడ్ జాతిలోనే ఐసోట్రెటినోయిన్ అనే క్యాప్సూల్ ఉంది. మొండి మొటిమలకు ఇస్తారు. గర్భంతో ఉన్నప్పుడు దాన్ని మింగితే బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి. చర్మం మీద రాసే క్రీము ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ. అయినా జాగ్రత్త కోసం గర్భిణులు ఏ రెటినాయిడూ రాయకూడదు. టాజరోటీన్ అనే రకమైతే అసలే వద్దు. నిఖా కోసం మొదలుపెట్టిన ట్యూబును కొత్త పెళ్లికూతురు అత్తగారింటికి కూడా తీసుకెళ్తుంది, ఈ మాట ఎవరూ చెప్పరు. పిల్లల కోసం అనుకుంటున్నప్పుడే డాక్టర్‌తో మాట్లాడాలి. తెలియక రాసేసి ఉంటే కంగారు పడకుండా ఆపేసి, డాక్టర్‌కు చెప్పాలి. గర్భంలో వాడదగ్గ వేరే మందులు ఉన్నాయి. పాలిచ్చే తల్లులు కూడా అడిగాకే వాడాలి.

పెళ్లి పనుల్లోనే ఇంకో చిక్కు. రెటినాయిడ్ రాస్తున్న చర్మం మీద వ్యాక్స్ చేస్తే పై పొర ఊడి వస్తుంది. పై పెదవికి, కనుబొమలకు వ్యాక్స్ వద్దు. బ్లీచ్, స్క్రబ్, నిమ్మరసం కలిపిన ముల్తానీ మట్టి కూడా పక్కన పెట్టాలి. మంఝే రస్మ్‌లో పసుపు, ఉబ్టన్ మొహానికి గట్టిగా రుద్దకుండా చేతులకు, కాళ్లకు పూస్తే సరిపోతుంది. పార్లర్‌లో ఏదైనా తప్పనిసరైతే వారం ముందే మందు ఆపి, డాక్టర్‌ను అడగాలి. అత్తర్ మొహానికి, మెడకు కాకుండా బట్టలకు పూసుకోవాలి.

అబ్బాయిల సంగతి కూడా ఉంది. వాళ్లు క్రీము రాయడానికే సిగ్గుపడతారు, అడిగితే "మొటిమలేగా, పోతయ్" అంటారు. గుంటలు పడేదాకా ఊరుకుని తర్వాత బాధపడతారు. గడ్డం పెంచే అబ్బాయిలు మందును వెంట్రుకల మీద కాకుండా కింద చర్మానికి తగిలేలా రాయాలి. గడ్డం గీసిన రాత్రి రాయకపోవడం మంచిది. నిఖాబ్, హెల్మెట్ పట్టీ రుద్దుకునే చోట మొటిమలు వస్తుంటే మందు ఒక్కటే చాలదు. నిఖాబ్ కాటన్‌ది అయితే మేలు, రోజూ ఉతికింది వేసుకోవాలి.

కాస్త పొట్టు, బిగుతు, లేత ఎరుపు మామూలే. కళ్ల రెప్పలు వాచడం, నీరు కారడం, ఆగని దురద, రాత్రి నిద్రపోనివ్వని మంట, ఇవి మామూలు కాదు. ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. లోపల గడ్డల్లా నొప్పి పెట్టే మొటిమలకు క్రీము ఒక్కటే సరిపోదు. అమ్మాయికి నెలసరి క్రమం తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తుంటే పీసీఓఎస్ ఉందేమో చూపించాలి.

మొటిమలు తగ్గాక కూడా డాక్టర్ ఇంకొన్ని నెలలు వారానికి రెండు మూడు రాత్రులు రాయమంటే రాయాలి, ఎందుకంటే లోపల బిరడాలు పడే గుణం ఎక్కడికీ పోలేదు. ఇంట్లో అక్క ట్యూబు చెల్లి, చెల్లి ట్యూబు కజిన్ పంచుకోవడం మాత్రం వద్దు. ఒక్కొక్కరి చర్మానికి ఒక్కో శాతం రాస్తారు.